కూజా మొక్క పూసిందా? తాజా పుప్పొడితో ఇంట్లోనే విత్తనం కట్టించండి

కూజాల్లాంటి ఆకులతో పురుగుల్ని పట్టే కూజా మొక్కకు పూల కంకి రాగానే కత్తిరించేయమని నర్సరీల్లో చెబుతుంటారు. కంకి పెరిగితే కొత్త కూజాలు చిన్నవవుతాయని, ఆ పూత చూడటానికీ అందంగా ఉండదని అంటారు. అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ కంకిని ఉంచి, సరైన రోజున చిటికెడు పుప్పొడి సంపాదించగలిగితే, మూడు నెలల్లో మీ చేతిలో వందల విత్తనాలు ఉంటాయి. వాటిలోంచి వచ్చే మొక్కల్లో ఏ రెండూ ఒకేలా ఉండవు.

విశాఖలో మా బాల్కనీలో ఈ పని చేస్తూ నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. కుండీ, నీడ, నీళ్ళ గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి వాటి మీద ఎక్కువ రాయను. పుప్పొడి గురించే ఎక్కువ రాస్తాను. మొక్క ఆరోగ్యంగా ఉండి కూడా కాయ కట్టలేదంటే, నేను చూసినంతలో తప్పు అక్కడే జరుగుతోంది.

ముందు ఆడదో మగదో తేల్చుకోండి

తాడిచెట్ల సంగతి మనకు తెలుసు. పోతుతాడి ఎన్నేళ్ళు పెరిగినా ముంజలు కాయదు. ఆకాకర, తెలంగాణలో బోడకాకర అంటారు, దాన్ని పండించే రైతు ఆడ తీగల మధ్య కొన్ని మగ తీగలు ఉంచుకోకపోతే కాయ పడదు. కూజా మొక్క, అంటే నెపెంథిస్, కూడా ఇలాంటిదే. ఒక మొక్క మగ పూలే పూస్తుంది, ఇంకో మొక్క ఆడ పూలే పూస్తుంది. ఒక్క మొక్కతో విత్తనం రాదు.

పూసేదాకా ఏది ఏదో చెప్పడం కుదరదు. ఆకు చూసో కూజా రంగు చూసో చెప్పేవాళ్ళని నమ్మకండి. నాకు ఒక నర్సరీలో వెంట్రాటా అనే రకం కుండీలు రెండు చూపించి "ఇది ఆడ, ఇది మగ, జంటగా తీసుకోండి" అన్నారు. తీసుకున్నాను. రెండేళ్ళకు పూశాయి. రెండూ ఆడవే. ఆ రెండూ ఒకే తల్లి మొక్క నుంచి తీసిన కొమ్మలని తర్వాత తెలిసింది. కొమ్మ నాటి పెంచినా, టిష్యూ కల్చర్‌లో పెంచినా, తల్లి ఏదైతే పిల్ల కూడా అదే. అందుకే ఒకే పేరున్న కుండీలు రెండు కొనడం కంటే వేర్వేరు రకాలు కొనండి. విత్తనం నుంచి వచ్చిన మొక్కలు దొరికితే ఇంకా మంచిది.

సాధారణంగా నేల దగ్గర గుబురుగా ఉన్న చిన్న మొక్క పూయదు. తీగ సాగి, మీటరుకు అటూ ఇటూగా ఎత్తుకు వెళ్ళి, తీగ పైభాగాన సన్నటి కూజాలు వేయడం మొదలుపెట్టాక మొవ్వులోంచి కంకి బయటికి వస్తుంది. మొదట్లో అది ఇంకో ఆకు మొలకలాగే కనిపిస్తుంది. తొందరపడి తుంచకండి.

మొగ్గలు విచ్చాక తేడా తెలుసుకోవడం కష్టం కాదు. రెండింటిలోనూ నాలుగు చిన్న రేకుల్లాంటివి వెనక్కి వంగి ఉంటాయి, వాటి మీద తేనె చుక్కలు చెమట పట్టినట్టు మెరుస్తాయి. మగ పువ్వు మధ్యలో పొట్టి కాడ, దాని చివర గుండుసూది తలలాంటి గుండ్రటి ముద్ద ఉంటాయి. కేసరాలన్నీ కలిసిపోయి ఆ ముద్ద అయ్యాయి. ఆడ పువ్వు మధ్యలో కాడ ఉండదు. ఆకుపచ్చగా, కాస్త ఉబ్బిన అండాశయం నేరుగా కూర్చుని ఉంటుంది. దాని నెత్తిన నాలుగు భాగాలుగా చీలిన చదునైన కీలాగ్రం ఉంటుంది. మీరు పుప్పొడి అద్దాల్సింది ఆ నెత్తి మీదే.

ఏ మొక్కలతో ఏ మొక్కలు

నెపెంథిస్‌లో వేర్వేరు జాతులు ఒకదానితో ఒకటి సులువుగా కలుస్తాయి, అలా పుట్టిన సంకర మొక్కలు కూడా చాలావరకు విత్తనం కడతాయి. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికే వెంట్రాటాయే ఫిలిప్పీన్స్ జాతుల కలయిక. మనిషి చేత్తో చేసిన మొదటి సంకరం 1862 నాటిది. ఇంగ్లండ్‌లో వీచ్ నర్సరీలో పనిచేసిన జాన్ డొమినీ అనే తోటమాలి దాన్ని సాధించాడు. ఆయన చేసింది, ఇప్పుడు మనం చేయబోయేది, ఒకటే పని.

ఎంపికలో నేను ఒక్క నియమం పాటిస్తాను. తల్లీ తండ్రీ రెండూ మన వేడిని తట్టుకునేవై ఉండాలి. ఎత్తయిన చల్లటి కొండల మీద పెరిగే జాతుల ఫొటోలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. వాటికి రాత్రిపూట చల్లదనం కావాలి. విజయవాడ మే నెలలో వాటి పిల్లల్ని బతికించడం చాలా కష్టం. మిరబిలిస్, అంపుల్లారియా, రాఫ్లేసియానా లాంటి పల్లపు ప్రాంతాల జాతులు, వాటి సంకరాలు, వెంట్రాటా, ఇవి మనకు నప్పుతాయి.

ఒక హెచ్చరిక. భారతదేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ జాతి ఒక్కటే, మేఘాలయ కొండల్లోని ఖాసియానా. అక్కడి గారో ప్రజలు దాన్ని మెమాంగ్ కోక్సి అంటారు, దయ్యం బుట్ట అని అర్థం. అది అంతరించే ప్రమాదంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పేరు పెట్టి మరీ రక్షించిన కొద్దిపాటి మొక్కల్లో అదొకటి. అడవి నుంచి తేవడమే కాదు, అనుమతి లేకుండా పెంచడం కూడా నేరం. మొక్కల మీద మనకున్న ప్రేమ ఆ కొండల్లో ఉన్న కొద్ది మొక్కలకు ముప్పు కాకూడదు. ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోకండి.

పుప్పొడి తీయడం

కంకిలో పూలన్నీ ఒకేరోజు విచ్చవు. అడుగు నుంచి పైకి, రోజుకు కొన్ని చొప్పున, వారం పది రోజులు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ రోజులు విచ్చుతూ పోతాయి. ఈ లక్షణం మనకు మేలు చేస్తుంది. ఒకరోజు తప్పిపోయినా మర్నాడు ఇంకో నాలుగు పూలు సిద్ధంగా ఉంటాయి.

మగ పువ్వు విచ్చిన వెంటనే ముద్ద నున్నగా ఉంటుంది. అప్పుడు పుప్పొడి రాదు. పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, పగిలాక అదే ముద్ద మీద పసుపు చల్లినట్టు మెత్తటి నూగు కనిపిస్తుంది. చూపుడు వేలితో తాకితే వేలికి పచ్చగా అంటాలి. అంటితే అది తీయాల్సిన రోజు. రంగు పాలిపోయి, ముద్ద గోధుమరంగుకు తిరిగి, తాకినా ఏమీ అంటకపోతే ఆ పువ్వు పని అయిపోయినట్టే.

నేను ఉదయం పదీ పదకొండు మధ్య తీస్తాను. తెల్లవారుజామున పూలు తడిగా ఉంటాయి. సాయంత్రమైతే తేనె బాగా ఊరుతుంది, ఒకరకమైన మగ్గిన తీపి వాసన కూడా వస్తుంది. పుప్పొడికి నీళ్ళ తడి కానీ తేనె తడి కానీ తగలకూడదు. తడి తగిలితే ముద్దకట్టి పాడవుతుంది. పూత ఉన్న రోజుల్లో ఆ మొక్క మీద నీళ్ళు స్ప్రే చేయకండి, వానకు తడవనివ్వకండి.

తీయడానికి పెద్ద సామాను అక్కర్లేదు. బటర్ పేపర్ ముక్కను మధ్యకు మడిచి, కంకి కింద పడవలా పట్టుకోండి. పొడి టూత్‌పిక్‌తో ముద్దను మెల్లగా గోకితే పచ్చటి పొడి రాలుతుంది. మామూలు కాగితం వాడితే దాని పీచుల్లో సగం ఇరుక్కుంటుంది. బ్రష్ వాడేవాళ్ళున్నారు, నేను మానేశాను. వెంట్రుకల్లో ఇరుక్కున్న పుప్పొడి తిరిగి రాదు. పైగా రెండు రకాల మగ మొక్కలకు ఒకే బ్రష్ వాడితే తండ్రి ఎవరో తేల్చుకోలేం.

మగ మొక్క, ఆడ మొక్క రెండూ మీ ఇంట్లోనే ఒకేసారి పూస్తే ఇదంతా అవసరమే లేదు. విచ్చిన మగ పువ్వునే కాడతో తుంచి, వేళ్ళతో పట్టుకుని, ఆడ పువ్వు నెత్తిన నేరుగా రాయండి. ఇంతకంటే తాజా పుప్పొడి ఉండదు, ఇంతకంటే బాగా కాయ కట్టే పద్ధతీ నాకు తెలియదు.

ఆడ పువ్వుకు అద్దడం

కీలాగ్రం లేత పచ్చగా, కాస్త జిగురుగా మెరుస్తూ ఉన్నప్పుడే పుప్పొడిని పట్టుకుంటుంది. వెలుతురులో కాస్త పక్కకు వంగి చూడండి, ఆ తళుకు కనిపిస్తుంది. పాతబడితే నల్లగా ఎండిపోతుంది. విచ్చిన తర్వాత కొన్ని రోజులపాటు సమయం ఉంటుంది కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు, కానీ బద్ధకించకండి.

టూత్‌పిక్ చివర పుప్పొడి తీసుకుని నాలుగు భాగాల మీదా పసుపు రంగు కనిపించేదాకా అద్దండి. గుచ్చకూడదు, రుద్దకూడదు, ఆనించి వదలాలి. ఒక భాగం మీదే పడితే కాయ ఒక పక్కకు వంకరగా పెరగడం చూశాను, లోపల విత్తనాలూ తక్కువే ఉన్నాయి. అదే పువ్వుకు మర్నాడు ఇంకోసారి అద్దండి. రెండు రోజులు వరసగా అద్దిన పూలు ఒక్కసారి అద్దినవాటికంటే నాకు బాగా కాశాయి.

ఎన్ని పూలకు అద్దాలి? కంకి నిండా కాయలు కట్టిస్తే తల్లి మొక్క బాగా నీరసిస్తుంది. నేను అడుగున ఉన్న ఇరవై ముప్ఫై పూలకు అద్ది, పై కొసను కత్తిరించేస్తాను. ఒక్కో కాయలో వంద దాకా, బాగా పడితే ఇంకా ఎక్కువే విత్తనాలు ఉంటాయి. ఒక ఇంటికి అవి చాలు.

అద్దిన రోజే కంకికి చీటీ కట్టండి. ముందు తల్లి పేరు, గుణకారం గుర్తు, తర్వాత తండ్రి పేరు, కింద తేదీ. ప్రపంచమంతా ఇదే వరస పాటిస్తారు. బాల్‌పెన్‌తో రాస్తే ఎండకు వెలిసిపోతుంది, పెన్సిల్‌తో రాయండి. పేరు తెలియని మొక్క అందంగా ఉండవచ్చు, కానీ దానితో తర్వాతి తరం ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

పుప్పొడి దూరం నుంచి రావాల్సి వస్తే

చాలామందికి ఇదే పరిస్థితి. మీ ఆడ మొక్క పూసినప్పుడు మీ మగ మొక్క పూయదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కేరళలోనో ఎవరి దగ్గరో పూస్తుంది. కూజా మొక్కలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఉండండి. మీ మొక్కకు కంకి కనిపించిన రోజే అడగండి, విచ్చేదాకా ఆగకండి. కంకి కనిపించాక పూలు విచ్చడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వ్యవధే మీకు ఉన్న సమయం.

నాకు మొదటిసారి పుప్పొడి పంపిన మిత్రుడు ఎంతో ప్రేమగా, పచ్చి పూలతో సహా, గాలి చొరబడని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపాడు. నాలుగో రోజు అందింది. కవర్ విప్పితే లోపల చెమ్మ, పూల మీద తెల్లటి బూజు. అయినా ఆశ చావక అద్దాను. ఒక్క పిందె నిలవలేదు. ఆ ఆడ మొక్క మళ్ళీ పూయడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అప్పుడప్పుడు రాత్రిపూట లేచి ఆ ఖాళీ కంకి వైపు చూసేవాణ్ణి.

అందుకే పంపేవారికి ఇలా చెప్పండి. పుప్పొడి మాత్రమే కావాలి, పువ్వు వద్దు. తీసిన పుప్పొడిని బటర్ పేపర్ మీద ఫ్యాన్ గాలి తగలని చోట, నీడలో రెండు మూడు గంటలు ఆరనివ్వాలి. ఆ పేపర్‌ని ఆయుర్వేద వైద్యులు చూర్ణం పొట్లం కట్టినట్టు మడిచి, కాగితం కవర్లో పెట్టాలి. ఆ కవర్‌ని చిన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో కలిపి పెట్టాలి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా అప్పటికే తేమ పీల్చేసి ఉంటుంది, కొత్తది వాడాలి. సోమవారం పంపితే వారాంతంలో ఎక్కడో గోడౌన్లో ఇరుక్కోకుండా చేరుతుంది.

అందిన రోజే అద్దడం అన్నిటికంటే మంచిది. గది వేడిలో రోజులు గడిచేకొద్దీ పుప్పొడిలో జీవం తగ్గిపోతుంది. మీ పూలు ఇంకా విచ్చకపోతే ఆ డబ్బాను అలాగే సిలికాతో ఫ్రిజ్‌లో, కూరగాయల అరలో కాకుండా పై అరలో పెట్టండి. ఒకటి రెండు వారాలు ఆగొచ్చు. ఇంకా ఎక్కువ రోజులైతే ఫ్రీజర్లో పెట్టాలి, కానీ కాయలు తక్కువ పడతాయని ముందే అనుకోండి. బయటికి తీసిన డబ్బాను వెంటనే తెరవకండి. గది వేడికి వచ్చేదాకా అరగంట మూసి ఉంచాలి. చల్లటి డబ్బా తెరిస్తే మన గాలిలోని తేమ చుక్కలుగా పట్టి, ఇన్ని రోజులు కాపాడిన పుప్పొడి క్షణంలో తడిసిపోతుంది.

నిల్వ పుప్పొడి వాడేటప్పుడు పొదుపు చూడకండి. తాజాది అద్దిన దానికి రెండింతలు అద్దండి.

పిందె నుంచి కాయ దాకా

పట్టిన పువ్వు వారం పది రోజుల్లో తెలిసిపోతుంది. అండాశయం లావెక్కి, మెరుపు వచ్చి, నిటారుగా నిలబడుతుంది. పట్టనిది పసుపు రంగుకు తిరిగి, ముట్టుకుంటే రాలిపోతుంది. కొన్ని పిందెలు నెలరోజుల తర్వాత కూడా రాలతాయి, దానికి బాధపడకండి.

ఈ రోజుల్లో అసలు శత్రువు పిండినల్లి. తేనె కోసం చీమలు కంకి ఎక్కుతాయి, ఆ చీమలు ఉన్నచోట పిండినల్లి కుదురుకుంటుంది. కాయల కాడల సందుల్లో తెల్లటి దూదిలా కనిపిస్తే ఇయర్‌బడ్‌ని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి, పురుగును మాత్రమే తుడవండి. కంకి మొత్తం మీద మందు కొట్టకండి.

కాయలు ముదరడానికి రెండు నుంచి మూడు నెలలు పడుతుంది. కదురు ఆకారంలో ఉన్న కాయ ఆకుపచ్చ నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది, చివర నుంచి నాలుగుగా పగులుతుంది. విత్తనాలు తెగిన జుట్టు ముక్కల్లా ఉంటాయి, చిన్న గాలికే ఎగిరిపోతాయి. రంగు మారడం మొదలవగానే పేరంటంలో పసుపు కుంకుమ పొట్లాలు పెట్టి ఇచ్చే చిన్న జాలీ సంచిని కంకికి తొడిగి కట్టేయండి. మా ఇంట్లో అవి డజన్ల కొద్దీ పోగయ్యాయి, ఇంతకంటే సరిపోయే వస్తువు దొరకలేదు.

విత్తనాలను తెల్ల కాగితం మీద పరిచి వెలుతురులో చూడండి. మంచి విత్తనానికి మధ్యలో నువ్వు గింజలో పావు వంతు ఉబ్బు కనిపిస్తుంది, అదే పిండం. ఉబ్బు లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే సన్నగా ఉంటే అది తాలు.

విత్తడం

పుప్పొడిలాగే ఈ విత్తనమూ నిల్వ ఉండదు. కాయ పగిలిన వారంలోపు విత్తేయండి. స్ఫాగ్నమ్ మాస్ అనే ఎండు నాచును కత్తెరతో సన్నగా తరిగి, మరిగే నీళ్ళు పోసి, చల్లారాక పిండి, కాస్త పెర్లైట్ (తేలికపాటి తెల్ల గుళికలు) కలపండి. కొబ్బరి పొట్టు వాడితే ఉప్పు పోయేదాకా అయిదారు సార్లు కడగాలి. మూత ఉన్న పారదర్శకమైన స్వీట్ డబ్బాలో రెండంగుళాల మందం పరిచి, విత్తనాలు పైన చల్లి, ఆర్వో నీళ్ళో వాన నీళ్ళో సన్నగా స్ప్రే చేయండి. విత్తనం మీద ఏమీ కప్పకూడదు, దానికి వెలుతురు కావాలి. బోరు నీళ్ళు మాత్రం వద్దు. నీళ్ళలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్‌లో వందలోపు చూపించే నీళ్ళే వాడండి, యాభైలోపు అయితే ఇంకా మంచిది.

డబ్బాను నేరుగా ఎండ తగలని వెలుగులో పెట్టండి. ఎండ తగిలితే మూత ఉన్న డబ్బా లోపల గంటలో ఉడికిపోతుంది. ఎల్ఈడీ లైట్ కింద రోజుకు పన్నెండు గంటలు పెట్టినా చాలు. రెండు మూడు రోజులకోసారి ఒక నిమిషం మూత తీసి గాలి తగలనివ్వండి. బూజు కనిపిస్తే ఆ ముక్కను మాస్‌తో సహా తీసేయండి.

నెల నుంచి రెండు నెలల్లో మొలకలు వస్తాయి. కొన్ని నాలుగో నెలలో కూడా లేస్తాయి కాబట్టి డబ్బా పారేయకండి. మొదట రెండు బీజదళాలు, ఆ వెంటనే వచ్చే మొదటి ఆకులకే గుండుసూది తలంత కూజాలు. భూతద్దం పెట్టి చూస్తే వాటికి మూత, మూతి దగ్గర అంచు అన్నీ ఉంటాయి. నేను మొదటిసారి చూసినప్పుడు ఇంట్లో అందర్నీ పిలిచి ఒక్కొక్కరికీ భూతద్దం ఇచ్చాను.

ఆకులన్నీ కలిపి మొలక రెండు సెంటీమీటర్ల వెడల్పు పరుచుకునేదాకా దాన్ని కదపకండి. దానికి ఏడాది పట్టవచ్చు. ఎరువు వేయకండి. విడి కుండీల్లోకి మార్చేటప్పుడు వేరు తెగకుండా మాస్ ముద్దతో సహా ఎత్తండి, ఆ తర్వాత రెండు వారాలు మూత కొద్దికొద్దిగా తెరుస్తూ బయటి గాలికి అలవాటు చేయండి.

ప్రతి కుండీకీ తల్లీ తండ్రుల పేర్లతోపాటు ఒక నంబరు రాయండి. ఒకే కాయలోని పిల్లల్లో ఒకటి ఎర్రటి చారలతో, ఒకటి పచ్చగా, ఒకటి లావుపాటి అంచుతో వస్తుంది. మూడు నాలుగేళ్ళు పెంచాక కానీ ఏది ఉంచుకోవాలో, ఏది స్నేహితులకు ఇవ్వాలో తెలియదు. ఇచ్చేటప్పుడు నంబరు చీటీ కూడా ఇవ్వండి, పూసినప్పుడు ఆడదో మగదో చెప్పమని అడగండి. మీ చీటీల పుస్తకంలో ఆ నంబరు పక్కన రాసుకోండి. తర్వాత మీ మొక్క కంకి వేసిన రోజున పుప్పొడి కోసం ఎవరికి ఫోన్ చేయాలో ఆ పుస్తకంలోనే ఉంటుంది.